సజ్జ మీది డబ్బా

పోయిన వారం ప్రవళికను మనం ఎక్కడ విడిచిపెట్టామో గుర్తుంది కదా? బట్టలు సర్దిన బ్యాగు తలుపు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆదివారం అన్న అంబదాస్ కరీంనగర్ నుంచి వచ్చి తల్లిగారింటికి తీసుకుపోతాడు. మొగుడు మల్లేష్ మస్కట్‌లో ఉన్నాడు. చొప్పదండి పక్కన ఆ ఊళ్ళో, మల్లేష్ గల్ఫ్ చెమటతో కట్టించిన ఆ స్లాబు ఇంట్లో మిగిలింది ఇద్దరాడవాళ్ళు, అత్త ఐలవ్వా, కోడలు ప్రవళికా. ఒకే పొయ్యి మీద వేరువేరు వేళల్లో వండుకుంటున్నారు. మాటల్లేవు, ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు.

మాటలు ఎందుకు పోయాయో కూడా మీకు తెలిసిందే. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా మస్కట్‌లో మల్లేష్‌కు తెలిసిపోతోంది. "నిన్న పగటీలి పక్కింటి వందనతోని అంతసేపు ఏం నవ్వినవే?" అంటాడు. "నా బీరువ తెరిచి ఏం దేవులాడినవ్?" అంటాడు. ప్రవళికకు ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో ఉండేది ఇద్దరు. తను చెప్పలేదు. ఇక చాడీలు మోసేదెవరు? అత్తే! ఆ లెక్క ఎంత సులువుగా కుదిరిందంటే, ఇంకో వైపు ఆలోచించాలని కూడా ఆమెకు తోచలేదు పాపం.

కిందటి శుక్రవారం మల్లేష్ తెగేసి చెప్పాడు. "వచ్చే శుక్రారం ఇద్దరు నా ఎదురుంగ కూసోండ్రి. నువ్వు ఆ ఇంట్ల ఉంటవా, పోతవా, గదే తేలాలె. ఫోను లేవకపోతె పోయినవనే అనుకుంట."

ఆ శుక్రవారం రానే వచ్చింది. నెట్టు మాత్రం గురువారం సాయంత్రమే చచ్చిపోయింది.

నెట్టు లేకపోతే మామూలు ఫోనుందిగా అనకండి. ఆ ఇంటి గోడల మధ్య సెల్లు సిగ్నల్ ఒక్క గీత కూడా నిలవదు. గేటు దాటితేనే మాట వినపడుతుంది. వీధంతా చెవులు రిక్కించి వింటుంటే గేటు దగ్గర నిలబడి మొగుడితో కాపురం పంచాయితీ ఎవరు పెట్టుకుంటారు? నిన్న రాత్రి గేటు దాటి "నెట్టు వస్తలేదు" అని మెసేజ్ పెడితే, "నెట్టు పోయిందా, నువ్వే తీసేసినవా?" అని జవాబొచ్చింది. ఆ మాటకు ప్రవళిక తెల్లవార్లూ కన్ను మూయలేదు.

పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళి అన్నకు ఫోన్ చేసింది. అంబదాస్‌కు కరీంనగర్‌లో ఇన్వర్టర్లు, కెమెరాలు, వైఫై డబ్బాలు బిగించే దుకాణం ఉంది. ఈ ఇంటి కరెంటు పనీ, రౌటరు బిగింపూ అన్నీ ఆయన చేతి మీదుగా జరిగినవే. చెల్లెలి దగ్గర పైసా తీసుకోలేదని ఊరంతా మెచ్చుకుంది.

"అన్నా, లైట్లన్నీ పచ్చగనే ఉన్నయ్. వైఫై దొరుకుతుంది, నెట్టే వస్తలేదు."

"ఆపి మల్ల వెయ్యి. ఎక్కువసేపు ఆపకు, ఎంబడే వెయ్యి."

"రాత్రి కాంచి గదే పని చేస్తున్న. వైర్లు పీకి పెట్టిన, ఫోను ఆపి వేసిన, ఏం లాభం లేదు. నెట్టు ఆఫీసుల అడిగితె ఎనుక బొక్కల పిన్ను పెట్టి ఒత్తుమంటున్నరు."



"ఒత్తకు," అన్నాడు అంబదాస్. గొంతు మారింది. "ఎవలు చెప్పినా ఇనకు చెల్లే. అది ఒత్తితె నేను పెట్టిన సెట్టింగులన్ని కొట్టుకపోతయ్. ఆదివారం దాక ఆగు, నేనొస్త గదా."

"ఆదివారం దాక ఆగితె నా కాపురమే కొట్టుకపోతది అన్నా! ఆయన ఇయ్యాల ఫోన్ చేస్తడు."

"చేస్తె చెయ్యనీ. ఎట్లైన నువ్వు మనింటికి వస్తనే ఉన్నవ్ గదా. ఇంక ఆయన ఫోన్‌తోని నీకేం పని?"

అన్న ప్రేమతోనే అన్నాడు. అయినా ఆ మాట ప్రవళికకు ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది. బ్యాగు సర్దుకున్న మాట నిజమే. కానీ మొగుడి నోట ఒక్క మంచి మాట వినబడితే మళ్ళీ విప్పేద్దామన్న ఆశ కూడా ఆ బ్యాగులోనే ఎక్కడో అడుగున ఉంది.

ఇంట్లోకి వచ్చి నడిమింట్లో రౌటరు ముందు కూలబడింది. దాన్ని తిప్పి చూసింది. వెనకాల, వైర్ల పక్కన, చీమ దూరేంత కన్నం. ముట్టుకోవడానికి భయమేసి మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

వరండాలో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న ఐలవ్వ ఇదంతా చూస్తూనే ఉంది. చాట పక్కన పెట్టింది. తునికాకు పొడి దులుపుకుంటూ లోపలికి వచ్చి, నడుముకు దోపుకున్న బొడ్లె సంచిలోంచి ఓ పిన్నీసు తీసి కోడలి ముందు పడేసింది.

"ఒత్తు," అంది.

ఎన్నో నెలల తర్వాత అత్త నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"అన్న వద్దన్నడు."

"అన్న వద్దంటె ఆగుడేనా? నా కొడుకు తోని నేను గూడ మాట్లాడాలె. చాడీలు చెప్పిన్నని ఊరంత చెప్పుకుంటివి. చెప్పిన్నో లేదో వాని నోటి తోనే ఇను. గీ నింద మోసుకుంట నేను ఆదివారం దాక ఉండ. ఒత్తు!"

ప్రవళికకు రోషం వచ్చింది. సరే, తేలిపోనీ అనుకుంది. పిన్నీసు కొన కన్నంలో దూర్చి గట్టిగా నొక్కి పట్టింది. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. కాసేపటికి ఒక్కొక్క లైటే మళ్ళీ వెలిగింది. పాత పేరు పోయింది, పాత పాస్‌వర్డు పోయింది, రౌటరు కొన్న నాటి రౌటరైపోయింది. ఫోనులో ఏదో అంకెల పేరు కనబడింది.

"అయిందా?" అంది ఐలవ్వ.

ప్రవళిక జవాబు చెప్పబోతుండగా ఇంకెవరో మాట్లాడారు.

"వైఫై కనెక్షన్ ఫెయిల్డ్. ప్లీజ్ చెక్ యువర్ రౌటర్."

ఆడగొంతు. ఇంగ్లీషు. పైనుంచి.

"ఓ అవ్వా!" అంటూ ఐలవ్వ గుండె మీద చెయ్యి వేసుకుని వెనక్కు గెంతింది. "ఎవలే అది? ఇంట్ల ఎవలున్నరే?"

మళ్ళీ అదే గొంతు, అవే మాటలు. ఈసారి ఎక్కణ్ణుంచో తెలిసింది. గోడకు ఎత్తున ఉన్న సజ్జ మీంచి. అక్కడ ఇత్తడి బిందెల నడుమ ఓ తెల్లడబ్బా ఉంటుంది. గృహప్రవేశం ముందు అంబదాస్ పెట్టిపోయాడు. "సిగ్నల్ పెంచే డబ్బా చెల్లే, ముట్టద్దు" అన్నాడు. ముట్టలేదు. ఎవరు ముడతారు? సొంత అన్న పెట్టినదాన్ని అనుమానించేదెవరు?

స్టూలు వేసుకుని ప్రవళిక పైకెక్కింది. బిందె పక్కకు జరిపి డబ్బా ముఖంలోకి చూసింది. నడుమ నల్లటి అద్దం. అద్దం వెనక పెసరగింజంత కన్ను. దాని కింద ఎర్రటి చుక్క ఆరుతూ వెలుగుతూ ఉంది. అద్దం అంచు సందులో ఏదో ఎర్రగా ఎండిపోయి ఉంది కానీ అది ఆమె బుర్రకెక్కలేదు. ఆమె చూపంతా ఆ కంటి మీదే ఉంది. అలాంటి కళ్ళు ఆమె బస్టాండులో చూసింది, అన్న దుకాణంలో అద్దాల పెట్టెల్లో వరసగా చూసింది.

కెమెరా.

ఎలా దిగిందో తెలియదు, గోడ పట్టుకుని దిగింది. గోడకు చెవులుంటాయని పెద్దలన్నారు. కళ్ళు మొలుస్తాయని ఎవరనుకున్నారమ్మా? ఈ నడిమింట్లోనే కదా తను స్నానం చేసి వచ్చి చీర కట్టుకునేది. ఇక్కడే కదా పడుకునేది, మొగుడు తిట్టిన రోజు దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. వందనతో నవ్వింది ఈ గోడకు ఆనుకునే. సిగ్గుతో ఆమె ఒళ్ళంతా మండింది. ఒంటి మీద చీర ఉన్నా లేనట్టే అనిపించి కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది. ఆ సిగ్గు వెనకాలే కోపం వచ్చింది, కళ్ళు కనబడనంత కోపం.

"నీ కొడుకు పెట్టిచ్చిండు," అంది అత్త వైపు తిరిగి. "కెమెరా అది. మనల్ని సూసే కెమెరా! గిందుకే ఆయనకు అన్నీ ఎరుకైతున్నయ్. నీకు గూడ ఎరికేనా? చెప్పు, నీకెరికే గదా!"

ఐలవ్వ సజ్జ వైపు చూసింది. కోడలి వైపు చూసింది. ముసలి ముఖం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"నాకెరుకైతె నేను గీ ఇంట్ల చీర కట్టుకుందునా పిల్లా?" అంది. "నా రవికె నేను దాని ఎదురుంగనే ఇప్పుకున్న గదనే! గీ వయసుల నా ఒళ్ళు నేను ఎవనికి సూపిచ్చుకుంట?"

అత్త కూడా ఈ ఇంట్లోనే ఉంటుందని, ఆమెకూ ఒళ్ళుందని, సిగ్గుందని ప్రవళికకు తోచనే లేదు. తన బాధే తనకు పెద్దదైపోయింది. ఇన్నాళ్ళూ ఈ మనిషిని చాడీకోరని తిట్టుకుంది, ఎదురొస్తే ముఖం తిప్పుకుంది, పొయ్యి మీద ఆమె గిన్నె ఉంటే దించి పక్కన పెట్టింది. చాడీలు చెప్పింది ఆ డబ్బా.

"అత్తమ్మా..." అంది. ఏడ్చేసింది.

"ఇప్పుడు ఏడ్వకు," అంది ఐలవ్వ, కొంగుతో తన కళ్ళే తుడుచుకుంటూ. "ఫోను కలుపు. కన్నకొడుకైతె నాకేంది? అడుగుత."

ప్రవళిక మళ్ళీ గేటు దగ్గరికి పరిగెత్తింది. నెట్టు ఆఫీసులో ఫోనెత్తిన ఆమె తీరుబడిగా చెప్పింది. "లైను ఈడికెంచి ఎక్కిచ్చినం అక్కా, ఇగ వస్తది. పేరు, పాస్‌వర్డు పాతవే పెట్టుకోండ్రి. ఇంట్ల ఉన్నయన్ని వాటంతటవే అతుక్కుంటయ్."

ఇంట్లో ఉన్నవన్నీ. ఆ మాట దగ్గర ప్రవళిక ఆగింది. పాత పేరు పెడితే ఆ డబ్బా కూడా అతుక్కుంటుందా? అతుక్కుంటే, దానికి ఈ ఇంటి పాస్‌వర్డు తెలిసినట్టే, ఇంటివాళ్ళే పెట్టినట్టే. అదీ తెలిసిపోనీ. ఇక తెలియకుండా బతకడం తన వల్ల కాదు.

పాతవే కొట్టింది. ముందు తన ఫోను కలిసింది. అత్త ఫోను టింగుమంది. ఇద్దరూ తలలెత్తి సజ్జ వైపు చూస్తూ నిలబడ్డారు.

"వైఫై కనెక్టెడ్," అంది ఆడగొంతు. ఎర్రచుక్క నీలంగా మారింది.

మల్లేష్ ఫోనొచ్చింది అప్పుడే.

తెర మీద ఇరుకు గది, మంచం మీద మంచం, తల తుడుచుకుంటున్న మల్లేష్. ఎదురుగా అత్తాకోడళ్ళు భుజం భుజం ఆనించి కూర్చోవడం చూసి తువ్వాల పక్కన పడేశాడు. "ఏమైంది? ఏందట్ల ఉన్నరు ఇద్దరు?"

"సజ్జ మీద కెమెరా ఎందుకు పెట్టిచ్చినవ్?" అంది ప్రవళిక.

"కెమెరానా? ఏం కెమెరా?"

"ఇంక చాలు, నాటకాలాడకు! నువ్వు పోయిన కొత్తల నేను ఫోను పోపుడబ్బకు ఆనిచ్చి, నీకు కనవడుకుంటనే వంట చేసుకున్న గదా? నువ్వు అక్కడ తినుకుంట, నేను ఈడ తినుకుంట, ఒక్క ఇంట్ల ఉన్నట్టే ఉంటిమి గదా? అడిగితె దినమంత పెడుదును. నాకు చెప్పి సూస్తె నేనేం దాచుకుందును? దొంగసూపు ఎందుకు సూసినవ్?" అడుగుతుండగానే ఏడుపొచ్చేసింది ఆమెకు.

"అవ్వ మీద ఒట్టు ప్రవళికా, నాకేం ఎరుక లేదు."

"నా మీద ఒట్లు పెట్టకు," అంది ఐలవ్వ. "సక్కగ చెప్పు. ఇంట్ల సంగతులు నీకెవలు చెప్తుండ్రు? నేను చెప్పిన్నా?"

"నువ్వెందుకు చెప్తవ్ అవ్వా? నువ్వు ఫోన్ల అడిగేదే తిన్నవా బిడ్డా అని. నువ్వు చెప్పినవని నేను ఎన్నడన్న అన్ననా?"

"అనలే. కోడలు అనుకున్నది. మరి ఎవలు?"

మల్లేష్ తల దించుకున్నాడు. ఎక్కడో పక్క గదిలో ఎవరో నవ్వుతున్న చప్పుడు ఫోనులో వినిపించింది.

"అంబదాస్ బావ," అన్నాడు.

ప్రవళికకు అర్థం కాలేదు. "ఏ అంబదాస్?" అని అడిగింది పిచ్చిదానిలా.

"మీ అన్ననే. 'చెల్లె కద, నేనడిగితె నొచ్చుకుంటది, నువ్వే గట్టిగ అడుగు' అనేటోడు. నువ్వే ఆయనకు ఫోన్ చేసి అన్నీ చెప్పుకుంటున్నవనుకున్న. తోడవుట్టినోడు అబద్ధం ఎందుకు చెప్తడనుకున్న. మొన్న గూడ ఆయనే అన్నడు, 'దానికి ఇంట్ల ఉండ బుద్ధి లేదు, బ్యాగు సర్దుకుంది' అని."

"అన్న కరీంనగర్‌ల ఉంటడు. నేనాయనకు ఒక్కనాడు చెప్పలే, వందన సంగతి గని, బీరువ సంగతి గని. ఆయనకెట్ల..." అని ఆగిపోయింది. ఆ ఎట్ల అన్నది తల ఎత్తితే కనబడుతూనే ఉంది. అయినా మనసు ఒప్పుకోలేదు. చిన్నప్పుడు తనను సైకిలు మీద బడికి తీసుకుపోయిన అన్న. "కాదు. ఎవలో ఆయనను గూడ మోసం చేసిండ్రు. ఆ డబ్బల ఏమున్నదో ఆయనకెరుక లేదేమో."

ఐలవ్వ కోడలి చెయ్యి పట్టుకుంది. చాలా మెల్లగా అంది.

"దసరకు ఏమైందో యాది చేసుకో బిడ్డా. సామాన్లకు బొట్లు పెట్టుకుంట, బీడీల కత్తెరకు పెట్టిన, నీ నెట్టు డబ్బకు పెట్టిన, స్టూలెక్కి సజ్జ మీది డబ్బకు గూడ పెట్టిన. నడుమ నల్లగ మెరుస్తుంటె సరిగ్గ ఆడ్నే పెట్టిన పసుపు, కుంకుమ. తెల్లారి పొద్దుగాలనే మీ అన్న కరీంనగర్ కాంచి బండి మీద ఉరికొచ్చె. చాయ్ గూడ తాగలే. రాంగనే స్టూలెక్కి తుడిచిండు. 'అత్తా, దీనికి బొట్టు పెట్టద్దు, సిగ్నల్ పోతది' అన్నడు." ఆమె కోడలి కళ్ళలోకి చూసింది. "బొట్టు పెట్టినమని ఆయనకు నేను చెప్పలే. నువ్వు చెప్పినవా?"

ప్రవళిక చెప్పలేదు. అద్దం అంచు సందులో ఎర్రగా ఎండింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఐలవ్వ పెట్టిన చిటికెడు కుంకుమ పట్టింది.

ఒత్తకు అన్నాడు. ఎక్కువసేపు ఆపకు అన్నాడు. ఎట్లైన వస్తనే ఉన్నవ్ గదా అన్నాడు. ఆ మాటలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే తిరిగి వచ్చి ఆమె చెంపలు వాయించాయి. అన్నను నమ్మి అత్తను కాదనుకుంది. అన్న ఇంటికి పోదామని ఈ ఇల్లు వదులుకోబోయింది. ఎందుకు చేశాడు? చెల్లెలి కాపురం కూలిపోతే ఆయనకు వచ్చేదేమిటి? ఎంత ఆలోచించినా ఒక్క కారణం దొరకలేదు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది.

ప్రవళిక లేచింది. దండెం మీది మందపాటి తువ్వాల లాగి, స్టూలెక్కి, డబ్బా మీద కప్పేసింది. వైరు పీకుదామని చూసింది కానీ అది గోడలోకే పోయింది. తువ్వాల రెండు మడతలు వేసి కొసలు కిందికి దోపింది. నీలం వెలుగు కనబడకుండా పోయింది.

అప్పుడు తువ్వాల కింద గరగరమంది.

"చెల్లే." ఈసారి ఆడగొంతు కాదు. "చెల్లే, గా బట్ట తియ్యి. నేనే. ఆదివారం దాక ఆగమన్న గదా."

ప్రవళిక స్టూలు మీదే రాయిలా నిలబడిపోయింది. ఫోనులో మల్లేష్ అరుస్తున్నాడు. "ఎవలది? అంబదాస్ బావ గొంతేనా? ప్రవళికా, మాట్లాడు!"

కదిలింది ఐలవ్వే. గబగబా తలుపు దగ్గరికి నడిచి, ఆదివారం కోసం సర్ది పెట్టిన బ్యాగును రెండు చేతులా ఎత్తి లోపలికి తెచ్చింది. తన మంచం కిందికి తొయ్యబోతూ, "నా కోడలు ఏడికీ పోదు," అంది, ఎవరికో వినబడాలన్నట్టు గట్టిగా. ప్రవళికకు ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది. ఎన్ని నెలలుగానో ఎవరైనా అంటే బాగుండునని ఎదురుచూసిన మాట అది. అత్త నోటి నుంచి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

తువ్వాల కింది గొంతు మళ్ళీ పలికింది. ఈసారి తొందర లేదు అందులో.

"అత్తా, బ్యాగు ముట్టకు. మంచం కిందికి తొయ్యకు. తలుపు కాడ ఎట్లుండెనో అట్లనే పెట్టు."

ఐలవ్వ చేతుల్లోంచి బ్యాగు జారింది. ప్రవళిక డబ్బా వైపు చూసింది. రెండు మడతల తువ్వాల ఎక్కడా జారలేదు. కన్ను కప్పే ఉంది.

స్టూలు మీద నిలబడే ఆమె మెల్లగా తల తిప్పి, ఆ ఇంట్లో అన్న చేత్తో బిగించిన ఒక్కొక్క స్విచ్చునూ, ఒక్కొక్క బల్బునూ చూడటం మొదలుపెట్టింది.